నేతవానికి నలుగురు మనుషులు

ఉదయము పదకొండు గంటల వేళ చిక్కపేటలో నడచువారికి ఒక దృశ్యము తరచుగా కనపడును. దుకాణపు మెట్టు మీద తెల్లగుడ్డలో కట్టిన చీరల మూట. దాని ప్రక్కన చెప్పులు విడిచి కూర్చున్న ఒక మనిషి. లోపల పరుపు మీద షావుకారు ఫోనులో మాట్లాడుచుండును. గంట గడచిన పిమ్మట కుర్రవాడు వచ్చి, "సాయంత్రం రమ్మన్నారు" అని చెప్పిపోవును. ఆ మనిషి మూట ఎత్తుకొని వెళ్ళును గాని ప్రక్క దుకాణము మెట్టు ఎక్కడు. ఏల ఎక్కడు? అక్కడ అతనిని ఎరిగినవారు లేరు. ఇరువది యేండ్లుగా అతనికి చిక్కపేట యనగా ఆ ఒక్క దుకాణమే.

ఆ మూటకు కాపలా కాసిన పిల్లవాడను నేనే. మూట మా నాయనది. కబ్బన్‌పేట సందులలో మా యిల్లు. ముందు గదిలో రెండు మగ్గములు, వెనుక వంట, నడుమ మేము. తాతలనాడు ధర్మవరము వైపు నుండి వచ్చినవారము. ఇంట తెలుగు, వీధిలో కన్నడము, దుకాణములో వచ్చీరాని హిందీ. ఈ ఊరిలో మనవారి యిండ్లలో చాలవరకు ఇదే తీరు గదా. మా నాయన పనితనమునకు పేరున్నవాడు. కుప్పడము చీరలో అంచుకును ఒడలికిని రంగు మారుచోట ఆయన వేసిన కలుపు వ్రేలితో తడవి చూచినను తెలిసెడిది కాదు. కుప్పడమునకు మూడు నాడెలు, మగ్గము ప్రక్కన ఇంకొక చేయి కావలెనని పాఠకులు ఎరుగుదురు. ఆ రెండవ చేయి బడి విడిచిన వేళలలో నాది.

1986లో ఆ దుకాణపు పెద్దాయన గతించినారు. కుమారులు వేరుపడినారు. వారిలో ఒకడు మా నాయనను పిలిచి, "ఇక మీదట ఈ రకం తీసుకోం, లెక్క చూసుకోండి" అన్నాడు. లెక్క చూడగా బాకీ మా మీదనే తేలినది. ఆ మాట పడిన తరువాత మా నాయన మూడు దినములు మగ్గమెక్కలేదు. ఆయనకు రాని పని యేదియు లేదు, చీరలో తప్పు చూపగలవారును లేరు. కాని ఊరిలో ఇంకొక షావుకారు పేరు ఆయనకు తెలియదు. ఆయన పేరును ఇంకొక షావుకారునకు తెలియదు.

ఈ సంగతి నా తండ్రిని తక్కువ చేయుటకు వ్రాయుటలేదు. ఇది పాత రోగము. ఫ్రాన్సిస్ బుకానన్ అను స్కాట్లండు దేశపు వైద్యుడు 1800లో మైసూరు సీమను తిరిగి, బెంగుళూరు పేటలోని నేతకులములను గూర్చి వ్రాసిపెట్టినాడు. తెలుగు మాట్లాడు దేవాంగులు, కన్నడము మాట్లాడు దేవాంగులు, పట్టేగారులు మొదలైనవారి సంగతులు ఆ గ్రంథమున కలవు. వర్తకులు నేతవారికి ముందుగా సొమ్మిచ్చి బట్ట నేయించుకొను ఆచారము ఆనాడే ఉన్నది. అడ్వాన్సు తీసుకొన్నవాడు అది తీరువరకు ఇచ్చినవానికే నేయవలెను. తీరనే తీరదు గనుక ఆ సంబంధము తండ్రి నుండి కొడుకునకు దిగుచుండెడిది. సంబంధము కలదు, నిజమే. కట్టుకొయ్యకును పశువునకును గూడ సంబంధమే కలదు.

మా యింటిని నిలబెట్టినది యెవరో చెప్పినచో కొందరు నవ్వవచ్చును. బంధువులు కారు, సంఘ పెద్దలు కారు. అచ్చు అతికే ముసలాయన. పాత పడుగు కొసలకు క్రొత్త పడుగు పోగులు ఒక్కొక్కటిగా మెలిపెట్టి అతుకుటకు ఆయన మూడు నాలుగు వారములకొకసారి మా యింటికి వచ్చెడివాడు. ఆయన అట్లు పోవు యిండ్లు నలుబది యుండును. ఏ యింట మగ్గము ఆగినది, ఏ యింట రెండవ మగ్గము దింపినారు, ఎవరికి చేయి చాలుటలేదు — ఇవన్నియు ఆయనకు తెలిసినంతగా ఊరిలో ఎవరికిని తెలియవు. నేల మీద చతికిలబడి బూడిద వ్రేళ్ళకు రాచుకొనుచు ఆయన అన్నమాట నాకు ఇప్పటికిని జ్ఞాపకము: "ఏమప్పా, నగరత్‌పేటలో ఒకాయనకి కుప్పడం చేసేవాళ్ళు దొరక్క తల పట్టుకోని కూసున్నాడు. నువ్వేమో పని లేదని తల పట్టుకోని కూసున్నావు. ఇద్దరి మధ్యా నాలుగు సందులు. నడిచి పోలేవా?"

మా నాయన నడిచిపోయినాడు. పాత బాకీ ఆ క్రొత్తాయనయే తీర్చి, మజూరీలో కొంచెము కొంచెముగా పట్టుకొన్నాడు. అదియు అప్పే గదా యని అడుగవచ్చును. అప్పే. అయితే ఈసారి మా నాయన ఇంకొక పని చేసినాడు. నెలకొక దినము, మూట లేకుండ, ఉత్తచేతులతో పేటలోనికి పోయి ముగ్గురు నలుగురితో మాట్లాడి వచ్చెడివాడు. ఏమియు అడుగుటకు కాదు. "ఏం నడుస్తున్నది?" అని తెలిసికొనుటకు. మూట తీసికొనిపోయినవానికి ధర మాత్రమే చెప్పుదురు, ఉత్తచేతులతో పోయినవానికి సంగతులు చెప్పుదురు అని ఆయన అనెడివాడు. ఇందులో నిజమున్నదని నలుబదేండ్ల పిమ్మట నేనును ఒప్పుకొనుచున్నాను.

అక్కరకు బంధువులుండగా పరాయివారితో పనియేమి అనువారు మనలో కలరు. బంధువులు కష్టమునకు వత్తురు, అన్నము పెట్టుదురు, పెండ్లికి చేయి వేయుదురు. కాని వారికి తెలిసిన దుకాణములు మనకు తెలిసినవే. మేనమామ కూడ అదే సేటునకు నేయుచుండును. ఆ దుకాణము మూతపడిననాడు ఇరువురి మగ్గములును ఒకేసారి ఆగును. 1973లో అమెరికాలో మార్క్ గ్రానోవెటర్ అను సమాజశాస్త్రజ్ఞుడు ఒక వ్యాసము ప్రకటించినాడు. ఉద్యోగములు దొరకినవారిని విచారింపగా, వార్త చాలమందికి ప్రాణస్నేహితుల వలన గాక అప్పుడప్పుడు కలియు పరిచయస్థుల వలననే అందినదని అందులో తేల్చినాడు. దగ్గరివారు మనకు తెలిసినదే ఎరుగుదురు, దూరపువారు తెలియనిది తెచ్చెదరు. మా అచ్చు అతికే ముసలాయన ఆ వ్యాసము చదువలేదు గాని, చదివియున్నచో దీనికి ఇంత కాగితమెందుకని అడిగియుండును.

పట్టుబట్టకు బెంగుళూరు మార్గము ఎంత పొడుగో ఒకసారి తలంచుకొందము. రామనగరము సంతలో గూళ్ళు అమ్ముడుపోవును. శిడ్లఘట్ట వంటి చోట్ల దారము తీయుదురు. మెలిపెట్టు యంత్రముల వారు వేరు, జిగురు తీసి రంగు అద్దువారు వేరు, పడుగు చేయువారు వేరు. జరీ సూరత్ నుండి వచ్చును. జాకార్డు అట్టలు కొట్టువాడు, పన్నె కట్టువాడు, ఆ పిమ్మట నేతవాడు, తరువాతనే షావుకారు. మనము ఈ వరుసలో చివరివానిని ఒక్కనినే మనిషిగా చూచుచున్నాము. ఆయన ముందు చేతులు కట్టుకొందుము. రంగులాయన వద్దకు మాత్రము పిల్లవానిని పంపుదుము.

ఇది తెలివితక్కువ అని నా అభిప్రాయము. శ్రావణమాసపు పెండ్లి బేరమునకు ఏ రంగు కావలెనో షావుకారు మనకు చెప్పుటకు ముందే రంగుల కాగులో అది ఉడుకుచుండును. ఏ బుటా రాబోవుచున్నదో అట్టలు కొట్టువానికి ముందుగా తెలియును. దారపు ధర రేపు ఎటు పోవునో రీలరు నోట వినవచ్చును. 2011లో కేంద్ర ప్రభుత్వము ముడిపట్టు దిగుమతి సుంకమును నూటికి 30 నుండి 5కు తగ్గించినప్పుడు ఇక్కడి ధరలు పడిపోయినవి. రీలర్లతో మాటాడు అలవాటున్నవారు ఎక్కువ దారము కొని పెట్టుకొనక ఆగినారు. నిలువ చేసినవారు నష్టపోయినారు. 2013లో సుంకమును మరల 15కు పెంచినారు. ఈ వార్తలు పత్రికలలో వచ్చినవే. కాని పత్రిక చదివి బడ్జెట్టును మగ్గమునకు అన్వయించుకొనువారెందరు? పరిచయమున్నవాడు ఒక్కమాటతో చెప్పును: "ఈ నెల కొనద్దన్నా."

ఇక్కడ ఒక హెచ్చరిక అవసరము. అట్టలు కొట్టువానిని మంచి చేసికొని ఎదుటి మగ్గము డిజైను బయటికి లాగుట పరిచయము కాదు, దొంగతనము. అట్టివానిని వాడుకొన్నవాని డిజైను రేపు ఇంకొకరి మగ్గము మీదికి పోవును. అదే విధముగ, మన డిజైను ఎవరైన చూచెదరేమో యని కిటికీకి గోనెపట్ట కట్టి కూర్చుండుటయు మేలు కాదు. మా వీధిలో అట్లు కట్టినవారు కలరు. వారి డిజైను దాగినదో లేదో గాని, వారి మగ్గము ఖాళీగా ఉన్న సంగతి మాత్రము బాగుగా దాగినది. పని ఇవ్వదలచినవానికి తెలియవద్దా?

కార్యాలయముల సంగతికి వచ్చెదను. అఖిల భారత చేనేత బోర్డు 1952లో ఏర్పడినది. 1956 మొదలుకొని దేశములో నేతవారి సేవా కేంద్రములు వచ్చినవి. మన బెంగుళూరిలో కూడ అట్టి కేంద్రమొకటి కలదు. డిజైను, అద్దకము, మగ్గపు మార్పులు నేర్పుటకే ఆ కేంద్రములను పెట్టినారు. కేంద్ర పట్టు బోర్డు కార్యాలయము కూడ ఈ ఊరిలోనే ఉన్నది. ఇంత దగ్గరలో ఉండియు ఆ గడపలు త్రొక్కినవారు మా వీధిలో వ్రేళ్ళ మీద లెక్కింపదగినంతమందే. "పోతే పని అవుతుందా?" అని అడుగుదురు. పోయిన దినమున పని కాకపోవచ్చును. మూడవసారి పోయినప్పుడు అక్కడి ఉద్యోగి మన ముఖము గుర్తుపట్టును. ఐదవసారి, "వచ్చే నెల శిక్షణ ఉంది, మీ అమ్మాయిని పంపండి" అనును.

దీని విలువ 2020లో తెలిసినది. మార్చి 25 నుండి దేశమంతటను లాక్‌డౌను. పెండ్లిళ్ళు నిలిచిపోయినవి, చిక్కపేట మూతపడినది, నేసిన చీరలు ఇంట, అప్పులవారు వాకిట. ఆ మే నెలలో కర్ణాటక ప్రభుత్వము నేకార సమ్మాన్ అను పథకము ప్రకటించి చేనేతవానికి ఏటా 2,000 రూపాయలు బ్యాంకులో వేయుటకు పూనుకొన్నది. 2022లో ఆ మొత్తమును 5,000 చేసినారు. గొప్ప సొమ్మేమియు కాదు. కాని ఆ రోజులలో 2,000 అనగా ఇంటికి బియ్యము. పేరు లెక్కలలో నున్నవానికి వచ్చినది. లెక్కలవారు వచ్చిననాడు తలుపు తీయనివానికి, "ఇదంతా మనకెందుకు" అని గుర్తింపు కార్డు తీసికొననివానికి రాలేదు. అదే సంవత్సరము జూలైలో కేంద్రము ఆ పాత చేనేత బోర్డును రద్దు చేసినది. అరువదెనిమిది యేండ్లు ఢిల్లీలో మన మాట వినిపించుటకున్న వేదిక పోయినది. ఆ వేదిక ఏర్పడిన దినములు మొదలుకొని చీరాల వైపు నుండి ప్రగడ కోటయ్యగారు వంటివారు చేనేతవారిని సహకార సంఘములుగా కూర్చి, శాసనసభలోను పార్లమెంటులోను నేతవాని పక్షమున మాట్లాడినారు. ఇప్పుడు ఆ పని ఎవరు చేయవలెనో ఎవరికి వారే ఆలోచించుకొనవలెను.

కన్నడము చదువుట, వ్రాయుట గూడ ఇందులోనిదే. మాట్లాడుట మనకందరకు వచ్చును. అర్జీ వ్రాయవలసివచ్చినప్పుడు ప్రక్కింటి పిల్లవానిని పిలుచుచున్నాము. మా నాయన ఏబదవ యేట బసవనగుడిలోని ఒక కన్నడ పండితుని యొద్ద అక్షరములు దిద్దినాడు. మొదట మేము నవ్వినాము.

షావుకారు గాని వారు, కార్యాలయము గాని వారు ఇంకొక తెగ కలరు. వారికి ఈ ఊరిలోనే నిదర్శనము కలదు. 1974లో చిమ్మీ నంజప్పగారు, వారి కుమార్తె పవిత్ర ముద్దయ్యగారు బెంగుళూరులో తమ యింటి నుండియే విమోర్ అను పేర చీరల వ్యాపారము ఆరంభించినారు. వారు కొడగు వారు. నేతకులము కాదు, తరతరాల షావుకార్లు కారు. పాత చీరలు సేకరించి, అందలి అంచులను, బుటాలను నేతవారికి చూపి, వారితో కూర్చుండి మరల నేయించినారు. 2019లో పవిత్రగారికి నారీశక్తి పురస్కారము లభించినది. ఆ సంవత్సరముననే వారు బెంగుళూరులో చీరల మ్యూజియము కూడ తెరచినారు. అట్టివారి వద్దకు మొదట పోయిన నేతవాడు ఎంత సంకోచించెనో ఊహింపగలను. దుకాణములో మనకు అలవాటైన బేరము వేరు; కూర్చుండబెట్టి "ఈ అంచు మీ తాతగారి కాలంలో ఎట్లా నేసేవారు?" అని అడుగువారి యెదుట మాట్లాడుట వేరు. రెండవది కూడ నేర్చుకొనవలసిన విద్యయే.

మన వృత్తికి బొత్తిగా సంబంధము లేనివారి వద్ద కూడ మనకు కావలసినది దొరకవచ్చును. తెలంగాణములో చింతకింది మల్లేశంగారి సంగతి అందరు విన్నదే. తల్లి ఆసు పోయుచు భుజపు నొప్పితో బాధపడుట చూచి, 1992లో ఆసు యంత్రమునకు పూనుకొన్నారు. ఒక కదలిక దగ్గర పని ఆగిపోయినది. పొట్టకూటికి హైదరాబాదులో కరెంటు పనిలో చేరగా, బాలానగరులో ఒక కర్మాగారమున ఇంకొక యంత్రములో అదే కదలిక కంటబడినది. 1999లో ఆసు యంత్రము పూర్తియైనది. 2017లో పద్మశ్రీ వచ్చినది. ఇంటిలోనే కూర్చున్నచో ఆ బాలానగరు యంత్రము ఆయనకు కనపడియుండదు.

ఇక కాగితపు సంగతి. దీనిని గూర్చి ఎంత చెప్పినను మనవారు చెవిని పెట్టరు. "ఇరువది యేండ్ల పరిచయం, బిల్లెందుకు?" అని షావుకారు అనును, మనము సిగ్గుపడుదుము. మా నాయనకు 1986లో లెక్క తేలని కారణము ఇదియే. ఆయన వద్ద వ్రాత లేదు, దుకాణములో మాత్రము కలదు. 2006 నాటి సూక్ష్మ, చిన్న పరిశ్రమల చట్టము ప్రకారము, రిజిస్టరైన చిన్న ఉత్పత్తిదారు సరుకునకు కొన్నవాడు ఒప్పందమున్నచో 45 దినములలో, లేనిచో 15 దినములలో సొమ్ము చెల్లింపవలెను. 2020 జూలై నుండి ఆ రిజిస్ట్రేషనునకు ఉద్యమ్ అని పేరు. ఫోనులోనే ఉచితముగా చేసికొనవచ్చును. 2024 ఏప్రిలు నుండి ఆదాయపు పన్ను నియమము గూడ దీనికి తోడైనది: గడువు దాటించిన కొనుగోలుదారునకు ఆ బిల్లు సొమ్ము, చెల్లించు సంవత్సరము వరకు, ఖర్చు క్రింద తగ్గింపు రాదు. కొందరు వర్తకులు దీనికి కోపగించి, రిజిస్టరైనవారి సరుకే వద్దన్నారు. నిజమే. అట్టివానికి మనపై నున్న ప్రేమ తొంబది దినముల ఉద్దర మీద ప్రేమ. దానికి పరిచయమను పేరు పెట్టవద్దు. మంచి షావుకార్లు కూడ ఎందరో కలరు. బిల్లు వ్రాసికొన్నంత మాత్రమున వారు ముఖము చిట్లించుకొనరు.

మా యింట ఇప్పుడు మగ్గము ఒక్కటే. రెండవ దాని చోట మా అమ్మాయి బల్ల వేసికొన్నది. చీరల ఫొటోలు తీసి ఫోనులో పంపును, పూనా నుండి, మద్రాసు నుండి అడుగుదురు. ముఖము చూడనివారు సొమ్ము ముందుగా ఎట్లు పంపుదురని నాకు మొదట అనుమానము. పట్టు నిజమని తెలుపుటకు కేంద్ర పట్టు బోర్డువారు 2004లో ప్రవేశపెట్టిన సిల్క్ మార్క్ చీటి ఇట్టిచోట బాగుగా పనికివచ్చుచున్నది. అయినను ఆ చీటి పట్టును గూర్చి చెప్పును గాని మనిషిని గూర్చి చెప్పదు. క్రిందటి దసరాకు ముందు ఒక చీరలో పేక రంగు ఒక జాన మేర తేలిపోయినది. నేను మడతలో అది లోపలికి పోవునన్నాను. అమ్మాయి ఒప్పుకొనక, ఫొటో తీసి కొన్నవారికే పంపి, "ఇట్లా వచ్చింది, కావాలంటే వెయ్యి తగ్గిస్తాము, లేకుంటే ఇంకొకటి నేసి ఇస్తాము" అని వ్రాసినది. ఆమె తగ్గింపు పుచ్చుకొని చీర తీసికొన్నది. సంక్రాంతికి తన ఆఫీసులోని ముగ్గురికి మా నెంబరు ఇచ్చినది.

అచ్చు అతికే ముసలాయన పోయి చాల యేండ్లయినది. ఆయన మనుమడు యలహంకలో పవరులూముల కార్ఖానాలకు అచ్చులు అతుకుచున్నాడు. మొన్న ఆదివారము ఉత్తచేతులతో అటు పోయి వచ్చినాను. కుప్పడము నేయగల కుర్రవాడు ఒకడు మదనపల్లె నుండి వచ్చి పని లేక ఉన్నాడట. మా మగ్గము మీద రెండవ చేయి లేక ఆరు నెలలైనది. బుధవారము రమ్మని చెప్పినాను.